మా వీధిలో పొగ తగ్గాలి: ఇరుగుపొరుగును ఎలా ఒప్పించాలి?

మూడో మలుపు:

అందరికీ నమస్కారం. సలహా కోసం రాస్తున్నాను. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా కాలనీలో గాలి బాగుపడాలని కొందరం కలిసి పని మొదలుపెట్టాం. చుట్టుపక్కల పెద్ద ఫ్యాక్టరీలేమీ లేవు, ఉన్న పొగలో చాలావరకు మేం పెట్టుకున్నదే. తెల్లవారుజామున ఊడ్చిన ఆకుల్ని, వాటితో పాటు కవర్లు, కాగితం కప్పులు, తెగిపోయిన చెప్పుల్ని కుప్పపోసి అంటిస్తారు. బడి వదిలే వేళకు గేటు ముందు బళ్లు బారులు తీరి ఇంజన్లు ఆపకుండా నిలబడతాయి. రెండు చోట్ల ఇళ్లు కడుతున్నారు. ఇసుక రోడ్డు మీదే పోసి ఉంటుంది, వచ్చే పోయే ప్రతి బండీ దాన్ని లేపుకుంటూ పోతుంది.

నోటీసులు అంటించాం. కాలనీ గ్రూపులో వీడియోలు పెట్టాం. అందరూ దండాలు పెడతారు, "చాలా మంచి విషయం" అంటారు. మర్నాడు పొద్దున కిటికీ తీస్తే మళ్లీ అదే పొగ. మా ఎదురింటి పెద్దాయనకు ఉబ్బసం. పొద్దున పూట తలుపులన్నీ మూసుకుని కూర్చుంటారు. ఆయన్ని చూస్తే ఊరుకోబుద్ధి కావడం లేదు. మీలో ఎవరైనా ఇలాంటి పనిలో దిగి ఉంటే చెప్పండి. జనం ఎక్కడ కదులుతారు?

గాలిమర:

ముందు ఒక్క ప్రశ్న. ఆ కుప్ప అంటించేది ఎవరు? ఎందుకు అంటిస్తున్నారో వాళ్లని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా?

మా దగ్గర అడిగితే తెలిసింది ఇది. చెత్తబండి వాళ్లు ఇళ్లలోని తడి చెత్త, పొడి చెత్త తీసుకుంటారు గానీ ఆకుల బస్తాలు ఎక్కించుకోరు. కుప్ప అక్కడే ఉంటే ఊడ్చే ఆవిడకు పైవాళ్ల చేత చివాట్లు. ఇక ఆవిడకు మిగిలిన దారి అగ్గిపుల్ల ఒక్కటే. పొగ మంచిది కాదని ఆవిడకు తెలియదా? అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ పీల్చేది ఆవిడే కదా. కళ్లు ఎర్రబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుప్ప కదిలిస్తూ ఉంటుంది.

కాల్చొద్దని చెప్పే ముందు ఆ చెత్త ఇంకెక్కడికి పోవాలో మనం చెప్పగలగాలి. ఆ జవాబు మన దగ్గర లేనంత కాలం ఎన్ని నోటీసులు అంటించినా అవి గోడకే పరిమితం.

మూడో మలుపు:

లేదండీ, అడగలేదు. రేపే అడుగుతాను.

రాత్రి డ్యూటీ:

నేను ఆసుపత్రిలో నర్సుని. ఎదురింటి పెద్దాయన గురించి చదివి రాయకుండా ఉండలేకపోయాను.

పొగ ఎక్కువున్న రోజుల్లో మా దగ్గరికి ఆయాసంతో వచ్చేవాళ్లను చూస్తుంటాం. మాట పూర్తి చేయలేరు, రెండు ముక్కలు చెప్పి ఊపిరి కోసం ఆగుతారు. పిల్లలైతే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతూ ఉంటుంది. పీఎం 2.5 అని వింటుంటారు కదా, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నగా ఉండే ధూళికణాలు. ముక్కులో, గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్తాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోకీ చేరతాయి. అందుకే ఇది ఊపిరితిత్తుల జబ్బులతో ఆగదు, గుండెపోటు, పక్షవాతం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బయటి గాలి కాలుష్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

కానీ ఇవన్నీ కాలనీ మీటింగులో చెప్పి జనాన్ని భయపెట్టకండి. భయపడిన మనిషి కిటికీ మూసుకుంటాడు, లేదా ఎయిర్ ప్యూరిఫయర్ కొనుక్కుంటాడు. పొగ మాత్రం వీధిలో అలాగే ఉంటుంది. మీ పెద్దాయన ఒప్పుకుంటే ఆయన్నే నాలుగు మాటలు మాట్లాడమనండి. తెలిసిన మనిషి "పొద్దున నాకు ఊపిరాడటం లేదు" అంటే ఆ మాట వినే తీరు వేరుగా ఉంటుంది.

ఇంకో మాట. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని చేతికి అందేలా పెట్టుకోవాలి. ఆ పొగ వేళల్లో వాకింగ్‌కు వెళ్లకుండా ఎండ కాస్త పైకొచ్చాక వెళ్తే మేలు.

ఉన్నమాట:

అందరికీ కోపం వస్తుందేమో గానీ చెప్పాలి. ఎప్పుడూ సామాన్యుడి మీదే ఎందుకు పడతారు? కరెంటు కోసం బొగ్గు కాల్చేది మనం కాదు. పాత డీజిల్ లారీలు తోలేది మనం కాదు. పెద్దవాళ్లు టన్నులకొద్దీ పొగ వదులుతుంటే మనం ఇక్కడ నాలుగు ఆకుల గురించి మాట్లాడుకోవడం వల్ల ఏం ఒరుగుతుంది? ప్రభుత్వాలు గట్టిగా పట్టుకోవాల్సిన పని ఇది. జనానికి నీతులు చెప్పి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు.

గాలిమర:

ఉన్నమాట గారూ, మీ కోపం న్యాయమే. ఊరంతటి గాలిని వీధి జనం బాగుచేయలేరు. పెట్రోల్లో సీసం సంగతే చూడండి. జనాన్ని బతిమాలితే పోలేదు, దేశాలు ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వస్తే 2021 నాటికి ప్రపంచంలో ఎక్కడా బళ్లకు అమ్మకుండా పోయింది.

అయితే రెండో వైపూ చూడాలి. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు కమ్మేసిన పొగమంచు గురించి వినే ఉంటారు. వేలమంది చనిపోయారు. అందులో విద్యుత్ కేంద్రాల పొగ ఉంది, ఇళ్లలో చలికి కాల్చిన నాసిరకం బొగ్గు పొగా ఉంది. 1956లో వచ్చిన చట్టం ఫ్యాక్టరీలతో ఆగలేదు, ఇళ్ల పొగగొట్టాల దాకా వచ్చింది. కొన్ని ప్రాంతాల్లో పొగ వచ్చే ఇంధనం వాడకూడదన్నారు. అంతటితో వదిలేయలేదు, పాత పొయ్యి మార్చుకోవడానికి అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ప్రజాధనం నుంచే ఇచ్చారు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆ సాయమే. కాల్చొద్దన్నవాళ్లే బదులు దారి కూడా చూపించారు.

పైగా ముక్కుకు దగ్గర్లో కాలే కుప్ప తీరు వేరు. దూరాన ఎత్తైన గొట్టంలోంచి పోయే పొగ మన దాకా వచ్చేసరికి చాలావరకు పలచబడుతుంది. గుమ్మం ముందు కుప్ప పొగ పలచబడేలోపే ఇంట్లోకి వచ్చేస్తుంది. రాత్రి నేల చల్లబడితే కింద చల్లటి గాలి, పైన వెచ్చటి గాలి మూతపడినట్టు నిలబడిపోతాయి. తెల్లవారుజామున అంటించిన పొగ పైకి పోయే దారి ఉండదు. మూడో మలుపు గారి వీధిలో జరుగుతున్నది అచ్చం ఇదే.

ఉన్నమాట:

లండన్ సంగతిలో ఆ సాయం భాగం నాకు తెలియదు. అలాగైతే ఒప్పుకుంటాను. కానీ నా మాట నేను వదలను. వీధిలో పని చేస్తూనే పైవాళ్లకు అర్జీ పెట్టాలి. అర్జీ రాయడంలో సాయం కావాలంటే నేను రాసిపెడతాను.

పచ్చిక:

ఆకుల సంగతి నాకు వదిలేయండి, ఇది నాకు ఇష్టమైన పని.

ఎండుటాకులు ఒక్కటే కుప్పేస్తే కుళ్లడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. జనానికి విసుగొచ్చేది అక్కడే. త్వరగా కావాలంటే వాటికి పచ్చిది తోడవ్వాలి. మూడు వంతుల ఎండుటాకులకు ఒక వంతు పచ్చి గడ్డి, కూరగాయల తొక్కలు. ఒక పొర ఇది, ఒక పొర అది. మధ్యలో గుప్పెడు మట్టి చల్లితే సూక్ష్మజీవులు త్వరగా అందుకుంటాయి. తడి ఎంత ఉండాలంటే, లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం, కాసిని పొడి ఆకులు కలపాలి. అసలేం రాకపోతే నీళ్లు చల్లాలి.

సరిగ్గా కుదిరిన కుప్పలోకి చెయ్యి పెడితే వేడి తగులుతుంది. పెద్ద కుప్పయితే చెయ్యి ఉంచలేనంత. ఆ వేడి తగ్గినప్పుడల్లా పారతో తిరగేయాలి, గాలి ఆడితే మళ్లీ వేడెక్కుతుంది. కంపు కొడుతోందంటే గాలి ఆడటం లేదని. ఇలా చూసుకుంటే కొన్ని నెలల్లో నల్లటి పొడి ఎరువు చేతికొస్తుంది, తొలి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది.

దళసరి ఆకులు అట్టల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటిని ముందు తొక్కి గానీ నరికి గానీ ముక్కలు చేసుకోండి. పెట్టెకు గాలి రంధ్రాలు ఉండాలి. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టినా చాలు, ఇనుప వల గుండ్రంగా చుట్టినా చాలు. ప్లాస్టిక్ మాత్రం ఒక్క ముక్క కూడా పోకూడదు.

అన్నట్టు, ఆకులు తడిగా ఉన్నప్పుడు అంటిస్తే మంట రాదు, గంటలకొద్దీ రాజుకుంటూ ఉంటుంది. పొగ ఎక్కువ వచ్చేది అప్పుడే, అందులో కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. ఇక అదే కుప్పలో పీవీసీ లాంటి ప్లాస్టిక్ చల్లారిచల్లారని మంటలో కాలితే డయాక్సిన్లు పుడతాయి. అవి మట్టిలో, పశువుల కొవ్వులో ఏళ్ల తరబడి పోకుండా ఉండే విషాలు.

కొత్తచిగురు:

అందరూ చెట్లు నాటితే సరిపోతుంది కదండీ? ఇంటికో మొక్క అంటే జనం ఉత్సాహంగా వస్తారు కూడా.

పచ్చిక:

కొత్తచిగురు గారూ, మొక్కలంటే నాకు ప్రాణం, అయినా అవి సరిపోవు అనే చెప్తాను. ఆకుల మీద కొంత ధూళి చేరేమాట నిజం, నీడ వల్ల వేడీ తగ్గుతుంది. కానీ పక్కనే కుప్ప కాలుతుంటే చెట్టు ఆ పొగను పట్టి ఆపలేదు. ఇరుకు వీధిలో కొమ్మలు గుబురుగా కప్పేస్తే కింద బళ్ల పొగ బయటికి పోకుండా ఆగిపోతుంది కూడా. రోడ్డుకీ కాలిబాటకీ మధ్య ఒత్తుగా కంచె మొక్కలు పెడితే నడిచేవాళ్లకు కొంత ఉపయోగం. మొక్కలు నాటండి, తప్పకుండా నాటండి. వచ్చిన జనాన్ని అదే రోజు ఆకుల పెట్టె దగ్గరికి కూడా తీసుకురండి.

ఇద్దరు పిల్లల తల్లి:

బడి గేటు గురించి నేను చెప్తాను.

నాకూ మొదట ఆ డ్రైవర్ల మీద కోపమే ఉండేది. ఒకరోజు ఒకాయన కిటికీ దగ్గరికెళ్లి "అన్నా, ఒక్క నిమిషం ఇంజన్ ఆపరా" అన్నాను. "ఆపితే లోపల ఉడికిపోతాం అమ్మా, ఎక్కడ నిలబడమంటారు, ఇక్కడ నీడ ఉందా" అన్నాడు. నిజంగానే లేదు. గేటు బయట ఎండలో ఒక్క అరుగు కూడా లేదు. గంట కొట్టేదాకా గేటు తీయరు. అందరూ ముందే వచ్చి, ఏసీ వేసుకుని, బళ్లలోనే కూర్చుంటారు.

మేం కొందరు తల్లులం కలిసి ప్రిన్సిపాల్ గారిని కలిశాం. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. మూడు విషయాలు అడిగాం: గేటు కాస్త ముందే తీసి పెద్దవాళ్లను లోపల చెట్ల కింద కూర్చోనివ్వండి, చిన్న క్లాసులనూ పెద్ద క్లాసులనూ వేర్వేరు సమయాల్లో వదలండి, వచ్చే వ్యాన్ల వాళ్లకు ఇంజన్ ఆపాలని మీరే చెప్పండి. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. మూడోదానికి పిల్లలే ముందుకొచ్చారు, గేటు దగ్గర అట్టలు పట్టుకుని నిలబడ్డారు. కూతురు అట్ట పట్టుకుని నిలబడితే ఏ నాన్న ఇంజన్ ఆన్‌లో ఉంచుతాడు?

కొందరు "ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది" అంటారు. ఇప్పటి బళ్లకు అది నిజం కాదు. పది సెకన్లు మించి ఆగాల్సి వస్తే ఆపేయడమే లాభం, పొగా తక్కువ, ఖర్చూ తక్కువ. పిల్లల ముక్కులు పొగగొట్టం ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. పైగా బరువుతో పోల్చి చూస్తే వాళ్లు మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. గేటు దగ్గర నిలబడేటప్పుడు ఒకసారి వంగి మీ పాప ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి, ఇక నేనేమీ చెప్పనక్కర్లేదు.

ఇప్పటికీ కొందరు ఆపరు. కానీ గేటు ముందు గొంతు మండటం మాత్రం తగ్గింది.

లెక్కల మాస్టారు:

వీధిలో గాలి కొలిచే చిన్న సెన్సర్ పెడితే జనం ఆసక్తి చూపిస్తారు. లోపల లేజర్ కాంతి కణాల మీద పడి చెదిరే తీరును బట్టి పీఎం 2.5 లెక్క కడుతుంది. కానీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, అప్పుడు అంకె ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తుంది. వంటింటి కిటికీ పక్కన, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎదురుగా పెట్టకండి. దగ్గర్లో అధికారికంగా గాలి కొలిచే కేంద్రం ఉంటే ముందు దానితో పోల్చుకోండి. ఒక్క నిమిషం అంకె చూసి కంగారు పడొద్దు, గంట సగటు చూడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు పీఎం 2.5కు ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటున 15. ప్రపంచ జనాభాలో 99 శాతం మంది ఆ సంస్థ హద్దులు దాటిన గాలినే పీలుస్తున్నారని కూడా ఆ సంస్థ లెక్క. అందుకని ఆ 5 అందలేదని నిరాశ పడకండి. మీ వీధిలో తెల్లవారుజామున లేచే గ్రాఫ్ ఈ నెల కాస్త కిందికి దిగిందా లేదా అన్నది చూసుకోండి. ఆ గ్రాఫ్‌ను నోటీసు బోర్డు మీద పెట్టండి. ఏ ఇంటి ముందు ఎంత అని మాత్రం పెట్టకండి, కొట్లాటలవుతాయి.

నాలుగో అంతస్తు:

వీధి సరే, ఇంట్లో సంగతి? దోమల చుట్ట ఒకటి పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళికణాలు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వచ్చిన ఒక అధ్యయనం. తలుపులు మూసిన గదిలో రాత్రంతా. దోమతెర కట్టుకోండి బాబూ. కిటికీలకు వల వేయించండి.

రాత్రి డ్యూటీ:

నాలుగో అంతస్తు గారు చాలా అవసరమైన మాట చెప్పారు. పసిపిల్లలున్న గదుల్లో మరీ జాగ్రత్త. వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం, అది లేకపోతే కిటికీ తీయడం కూడా. గ్యాస్ పొయ్యి నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, కంటికి కనిపించదు.

గట్టిమనిషి:

ఇవన్నీ మెత్తటి మాటలు. జరిమానా వేయించండి. రెండుసార్లు కట్టాక ఎవరూ కాల్చరు.

గాలిమర:

ఎవరి మీద వేయిస్తారన్నదే అసలు సంగతి. ఊడ్చే ఆవిడ మీద వేస్తే ఆ నెల వాళ్లింట్లో పూట గడవదు, ఉద్యోగం కూడా పోవచ్చు. అది నేను ఒప్పుకోను. ఇల్లు కట్టించే కాంట్రాక్టరు వేరు. ఇసుక మీద పట్టా కప్పడం, రోజూ నీళ్లు చల్లడం, బయటికొచ్చే లారీ టైర్లు కడగడం ఆయన చేతిలో ఉన్న పని, ఆయనకు పెద్ద భారమూ కాదు. ముందు మర్యాదగా చెప్పండి. వినకపోతే ఫొటోలు, తేదీలు పెట్టి స్థానిక సంస్థకు ఫిర్యాదు ఇవ్వండి, ఒకరి పేరుతో కాకుండా పదిమంది సంతకాలతో. అక్కడ జరిమానా పడితే నాకేమీ బాధ లేదు.

ఊడ్చేటప్పుడు లేచే దుమ్ముకు కూడా నీళ్లే మందు. ఊడ్చే ముందు పలచగా చిలకరిస్తే చాలు. ఆ నీళ్లు ఏదో ఒక ఇంటివాళ్లు ఇవ్వాలి.

మూడో మలుపు:

అందరికీ ధన్యవాదాలు. గాలిమర గారు చెప్పినట్టే పొద్దున వెళ్లి ఊడ్చే ఆవిడతో మాట్లాడాను. మీరు చెప్పిన కారణమే. ఇంకొకటి కూడా చెప్పింది. కుప్పలో ప్లాస్టిక్ తను వేయడం లేదట. రాత్రిపూట ఇళ్లవాళ్లే వచ్చి ఆ ఆకుల మీద చెత్త పడేసి పోతారట. పొద్దున విడదీసే టైమ్ తనకు ఉండదు.

పార్కు మూలన ఇనుప వలతో రెండు పెట్టెలు కట్టుకోవడానికి కమిటీ ఒప్పుకుంది. గ్రూపులో పెట్టడానికి ఈ మెసేజ్ రాశాను, సరిచేయండి:

"చెత్త కాల్చడం నేరం. వాయు కాలుష్యాన్ని అరికట్టడం మనందరి బాధ్యత. దయచేసి సహకరించగలరు."

ఇద్దరు పిల్లల తల్లి:

ఇది చదివి ఎవరూ ఏమీ చేయరు. ఏం చేయాలో అందులో లేదు. ఇలా రాయండి:

"సోమవారం నుంచి మన వీధి ఆకులు పార్కు మూలనున్న వల పెట్టెల్లోకి వెళ్తాయి. కాల్చడం ఉండదు. ఆకుల కుప్ప మీద ఇంటి చెత్త వేయకండి, ఉదయం బండికే ఇవ్వండి. మన వీధిలో పొగకు ఊపిరాడక ఇబ్బంది పడే పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఆదివారం సాయంత్రం పెట్టెలు కడుతున్నాం, ఒక అరగంట చెయ్యి సాయం కావాలి. ఎరువు తయారయ్యాక ఎవరి కుండీలకు కావాలో పేరు చెప్పండి."

మెసేజ్ పెట్టి ఊరుకోకండి. కుప్పకు ఎదురుగా ఉన్న ఇళ్లకు మీరే వెళ్లి చెప్పండి. పెద్దాయన్ని వెంట తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది.

పచ్చిక:

పెట్టెలు చెట్టు నీడలో పెట్టండి, ఎండలో అయితే రోజూ నీళ్లు పోయలేక మానేస్తారు. కుళాయికి దగ్గరగా ఉండాలి. తిరగేసే పని ఊడ్చే ఆవిడ నెత్తిన పెట్టకండి. ఇళ్లవాళ్లు వంతులు వేసుకోవాలి.

మూడో మలుపు:

వంతుల పట్టిక ఇప్పుడే మొదలుపెట్టాను. మొదటి వారం మా ఇల్లు. ఉన్నమాట గారూ, ఆకుల బస్తాలు కూడా బండిలో ఎక్కించుకోవాలని స్థానిక సంస్థకు అర్జీ ఇవ్వాలనుకుంటున్నాం. రాసిపెడతానన్నారు కదా?

ఉన్నమాట:

రాత్రికి పంపిస్తాను. మీ వీధిలో ఎన్ని ఇళ్లు, వారానికి సుమారు ఎన్ని బస్తాల ఆకులు వస్తాయి, బండి ఏ రోజుల్లో వస్తుంది, ఈ మూడు చెప్పండి. ఇసుక గురించి వేరే కాగితం రాద్దాం, రెండూ కలిపితే రెండూ మూలన పడతాయి.